'అ'తో మొదలైన ప్రాజెక్టు

మన కాలేజీలో రెండు స్క్రీన్లు పనిచేస్తే చాలు, ప్రాజెక్టుకి వెర్షన్ 1.0 అని పెట్టేస్తాం. కొమర్రాజు లక్ష్మణరావు గారి దారి వేరు. 1877లో పెనుగంచిప్రోలులో పుట్టి, నాగపూర్‌లో చదివి, మునగాల సంస్థానానికి దివాన్ అయ్యారు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టినవాళ్లలో ఆయనొకరు.

తర్వాత ఒక్క మనిషి జీవితానికి సరిపోని పని ఎత్తుకున్నారు: తెలుగులో విజ్ఞాన సర్వస్వం. మొత్తం పూర్తయ్యేదాకా దాచలేదు, అయినంతవరకు అచ్చేసి జనానికిచ్చారు. అకారాది క్రమం కదా, పని ఎక్కడిదాకా వచ్చిందో పేజీలు తిప్పితే తెలిసిపోతుంది. రీడ్‌మీ ఫైల్ అక్కర్లేదు! మూడు సంపుటాలొచ్చినా అక్షరమాల మొదట్లోనే ఉన్నారు. 1923లో ఆయన కన్నుమూశారు. ఆ పనిని తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు గారు చేపట్టారు.