గదిలో పెట్టిన పిల్ల – సరోజినీ నాయుడు

అక్కలారా, చెల్లెళ్లారా, ఈ నెల నా వంతు వచ్చింది. భారత కోకిల సరోజినీ నాయుడు గారి జీవితం రాస్తున్నాను. పుట్టిన తేదీ, చనిపోయిన తేదీ పాఠంలోనే ఉంటాయి, రెండు మార్కుల ప్రశ్నకు అవి చాలు. నేను మిగతా సంగతులు ఎక్కువ రాస్తాను.

ఆమె 1879 ఫిబ్రవరి 13న హైదరాబాదులో జన్మించారు. కానీ వాళ్లది హైదరాబాదు కాదు. తండ్రి అఘోరనాథ్ చట్టోపాధ్యాయ గారు బెంగాలీ బ్రాహ్మణుడు. ఎడింబరోలో సైన్సు చదివి డాక్టరేటు తెచ్చుకొని, నిజాం రాజ్యానికి వచ్చి కాలేజీ నడిపారు. అదే తరువాత నిజాం కాలేజీ అయింది. తల్లి వరదసుందరి గారు బెంగాలీలో పాటలు కట్టేవారు. ఎనిమిది మంది పిల్లల్లో ఈమే పెద్దది. అమ్మానాన్న వాళ్లలో వాళ్లు బెంగాలీ మాట్లాడుకునేవారు, పిల్లలతో హిందుస్తానీ. బజారుకు పోతే ఉర్దూ, తెలుగు. ఇవన్నీ చాలవని నాన్న ఇంగ్లీషు కూడా మాట్లాడమన్నారు.

ఈ పిల్ల ససేమిరా అంది. అప్పుడు తొమ్మిదేళ్లు. నాన్నకు కోపం వచ్చి ఒక గదిలో పెట్టి రోజంతా ఒక్కదాన్నే ఉంచారు. బయటికి వచ్చిన కాడి నుంచి ఆమె అమ్మానాన్నతో ఇంగ్లీషే మాట్లాడింది. అమ్మ మాత్రం ఎప్పుడూ హిందుస్తానీలోనే జవాబు చెప్పేది.

ఇది చదివి నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. మనలో సగం మందికి ఆ గది తెలుసు. నేను మొదట చదివిన బడిలో తెలుగు రాక ఎన్నో రోజులు నోరు తెరవలేదు. దాహమైతే ఏర్ అనేదాన్ని. నీళ్లు అనాలని తెలీదు. అందరూ నవ్వేవాళ్లు. గోండి మాట్లాడితే బెంచీ ఎక్కించేవాళ్లు. అందుకే, ఆమెకు అంత మంచి ఇంగ్లీషు వచ్చింది కదా, గదిలో పెట్టడం మంచిదే అయింది అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ కథలో నాకు మస్తు నచ్చింది అమ్మ. బిడ్డ భాష మారినా ఆమె తన జవాబు మార్చుకోలేదు.

నాన్నకు ఆమెను లెక్కల్లోనో సైన్సులోనో పెద్దదాన్ని చేయాలని ఉండేది. పదకొండేళ్లప్పుడు ఒకరోజు ఆల్జీబ్రా లెక్క ఎంతకూ రాలేదు. దానికి బదులు ఒక కవిత వచ్చింది, కూర్చొని రాసేసింది. (లెక్కల సారు ఇది చదవొద్దని కోరుతున్నాను.) అయినా పన్నెండేళ్లకే మద్రాసు యూనివర్సిటీ మెట్రిక్యులేషన్ పాసయింది. పదమూడేళ్లకు 1300 లైన్ల కవిత ఆరు రోజుల్లో రాసింది.

ఇప్పుడు రాసేది మేడం గారిని అడిగే రాస్తున్నాను. పదిహేనేళ్లప్పుడు ఆమె డాక్టర్ గోవిందరాజులు నాయుడు గారిని ఇష్టపడింది. ఆయన తెలుగువాడు, బ్రాహ్మణుడు కాదు. ఇంట్లో ఒప్పుకోలేదు. 1895లో ఇంగ్లండుకు చదువుకు పంపించారు. స్కాలర్‌షిప్పు నిజాం మహబూబ్ అలీఖాన్ ఇచ్చాడు. లండన్ కింగ్స్ కాలేజీలో, తరువాత కేంబ్రిడ్జి గిర్టన్ కాలేజీలో చదివింది. 1898లో తిరిగి వచ్చి ఆ డిసెంబరులోనే మద్రాసులో ఆయన్నే పెళ్లి చేసుకుంది. ఆ పెళ్లి జరిపించింది మన కందుకూరి వీరేశలింగం పంతులు గారు. ఆ రోజుల్లో కులం మారి చేసుకోవడం ఎంత పెద్ద మాటో పెద్దవాళ్లను అడగండి. ఈ రోజుల్లో కూడా అడగండి.

ఆరో తరగతిలో మాతో చేరినవాళ్లలో ఇద్దరు ఇప్పుడు లేరు. పెళ్లయింది. వాళ్ల మంచాల మీద వేరే పిల్లలు పడుకుంటున్నారు. వాళ్లకు ఇష్టమా అని ఎవరూ అడగలేదు, చదువు అయ్యేదాకా ఆగుదామని కూడా ఎవరూ అనలేదు. సరోజిని నాన్నకు నిజాం తెలుసు. మన నాన్నలకు ఎవరు తెలుసు?

ఇంగ్లండులో ఆమె అక్కడి పిట్టల మీద, అక్కడి పూల మీద కవితలు రాసేది. ఎడ్మండ్ గాస్ అనే పెద్ద రచయిత అవి చూసి, ఇవి ఇక్కడివాళ్లు రాసుకుంటారు, నీ దేశం సంగతి రాయమని చెప్పాడు. ఆమె విన్నది. పల్లకీ మోసే బోయీలు, గాజులమ్మేవాళ్లు, హైదరాబాదు బజార్లు, వీటి మీద రాసింది. 1905లో లండన్‌లో మొదటి పుస్తకం వచ్చింది. పేరు గోల్డెన్ త్రెషోల్డ్, అంటే బంగారు గడప.

ఆ పల్లకీ కవిత అర్థం ఇంగ్లీషు మేడం చెప్పారు. వినడానికి ఊగుతున్నట్టు హాయిగా ఉంటుంది. బోయీలు పాడుతూనే ఉంటారు. వాళ్లకు భుజాలు నొప్పి పెట్టవా? మా తాత చెప్పేవాడు, వాళ్ల నాన్న కాలంలో అధికారులు అడవికి వస్తే సామాను మావాళ్లే మోసేవాళ్లట. కూలి లేదు, అంతా వెట్టి. ఆమెకు స్కాలర్‌షిప్పు ఇచ్చింది నిజాం సర్కారు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీంను కాల్చిందీ నిజాం సర్కారే, అప్పటికి కొడుకు రాజ్యం. దీనికి ఆమెను తప్పు పట్టలేము. కానీ పల్లకీలో కూర్చున్నవాళ్లకు పాట వినిపిస్తుంది, మోసేవాళ్లు రాస్తే ఇంకో తీరుగ ఉండేది.

అయితే ఆమె పల్లకీలోనే కూర్చోలేదు. 1908లో మూసీ వరద వచ్చి వేలమంది చనిపోయినప్పుడు బజార్లో నిలబడి పనిచేసింది. అందుకు తెల్లవాళ్ల సర్కారు కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. 1919లో జలియన్‌వాలాబాగ్ కాల్పుల తరువాత దాన్ని తిరిగి ఇచ్చేసింది. 1917లో ఆడవాళ్లకు ఓటు కావాలని మద్రాసులో మాంటేగును కలిసిన మహిళలకు ఆమే నాయకురాలు. 1925లో కాన్పూరు కాంగ్రెసుకు అధ్యక్షురాలు, భారతీయ మహిళల్లో మొదటిది. గాంధీగారిని మిక్కీమౌస్ అని పిలిచేది, ఆయన నవ్వేవాడు. దండి యాత్రలో నడవడానికి గాంధీగారు ఆడవాళ్లను తీసుకోలేదు. కానీ ఆయన్ని అరెస్టు చేసిన తరువాత, 1930 మే 21న ధరాసన ఉప్పు డిపో మీదికి వేలమందిని నడిపించింది ఆమే. లాఠీలు పడుతున్నా మనవాళ్లు చెయ్యెత్తలేదు.

1946లో రాజ్యాంగ సభలో ఆమె కూర్చుంది. ఆ సభలో 15 మంది మహిళలు ఉన్నారు, ఒక్కరు కూడా ఆదివాసీ కాదు. ఆ డిసెంబరులో మాట్లాడుతూ ఆమె గిరిజనులను ఈ దేశానికి మొదటి యజమానులని అన్నది. సభలో ఆదివాసీ నాయకుడు జైపాల్ సింగ్ కూడా ఉన్నాడు. సభలో మగవాళ్లు మరీ ఎక్కువైపోయారని, ఇంకా ఆడవాళ్లు కావాలని ఆయన అదే నెలలో అడిగాడు. ఇది పాఠంలో లేదు, అందుకే రాశాను.

1947లో ఉత్తరప్రదేశ్‌కు గవర్నర్ అయ్యారు. దేశంలో మొదటి మహిళా గవర్నర్. ఆ పదవిలో ఉండగానే 1949 మార్చి 2న లక్నోలో చనిపోయారు.

విహారయాత్రకు పోయినప్పుడు రాత్రి కాచిగూడలో పడుకున్నాం కదా, పొద్దున బస్సు కోఠి, అబిడ్స్ మీదుగా నాంపల్లి పోయింది. స్టేషన్ రోడ్డులో సోషల్ మేడం కిటికీలోంచి ఒక ఇల్లు చూపించారు. సగం మంది నిద్రలో ఉన్నారు. అదే సరోజినీ గారి ఇల్లు, పుస్తకం పేరే ఇంటికీ పెట్టారు. 1974లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ మొదలైంది ఆ ఇంట్లోనే. నాంపల్లిలో ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ దగ్గర ఆమె పేరుతో ఆడపిల్లల కాలేజీ కూడా ఉంది. పదో తరగతి అక్కలు అప్లికేషన్ సంగతి మేడం గారిని అడగండి.

చార్టులో చోటు అయిపోయింది. పల్లకీ కవిత ఇంగ్లీషులో వినాలనుకునేవాళ్లు ఆదివారం సాయంత్రం లైబ్రరీకి రండి. నేను దాన్ని గోండిలో చెప్పడానికి చూస్తున్నాను. బోయీలు అనేదానికి మా భాషలో మాట ఇంకా దొరకలేదు, తెలిసినవాళ్లు చెప్పండి.

– 9వ తరగతి విద్యార్థిని