టిక్కెట్టు లేని దూరప్రయాణము: ఏనుగుల వీరాస్వామయ్య

కళింగపట్నమునకు రైలు లేదు. ఆ ఊరినుండి పిల్లాపాపలతో కాశికి పోదలచినవారు శ్రీకాకుళము మీదుగా ఆమదాలవలస చేరి బండి యెక్కవలెను. అయినను వారికి పెద్ద చిక్కు లేదు. టిక్కెట్లు ముందుగా తీసికొన్నచో ఏ పెట్టెలో ఎవరి చోటు ఏదియో ఇంటివద్దనే తెలియును. ఐరోపాలో ఒకే రైలు రెండు మూడు రాజ్యముల సరిహద్దులు దాటినను ప్రయాణికుని చేతిలోని ఒక్క కాగితము చాలును. ఆయా రైలు సంస్థలే తమలో తాము లెక్కలు తేల్చుకొనును. 1831లో దాదాపు నూరుమంది పరివారముతో శ్రీకాకుళపు బాటను నడచిపోయిన గృహస్థునకు ఈ సౌకర్యములలో ఒక్కటియు లేదు. ఆయన ఏనుగుల వీరాస్వామయ్యగారు.

వీరాస్వామయ్యగారు 1780 ప్రాంతమున జన్మించిరి. తొమ్మిదవ యేటనే తండ్రి పోయెను. పండ్రెండేండ్లకే ఇంగ్లీషు ధారాళముగ చదువనేర్చి, మీసములైన రాని వయసులో తిరునెల్వేలి జిల్లాలో ద్విభాషి కొలువు సంపాదించిరి. క్రమముగ చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ద్విభాషులకు పెద్దయైరి. ఆ కొలువెట్టిదో నేటివారికి కొంత విప్పి చెప్పవలెను. న్యాయమూర్తికి సాక్షి భాష రాదు. సాక్షికి న్యాయమూర్తి భాష రాదు. ఇద్దరి నడుమ నిలిచినవాడు ఒక్క మాట జారవిడిచెనా, ఒకని ఆస్తియో ప్రాణమో పోవును. పరుల మాటను చెడకుండ ఆవలియొడ్డునకు చేర్చుటయే ఆయనకు వృత్తి. యాత్రలో ఆయనకు అక్కరకు వచ్చినది కూడ ఈ నేర్పే.

1830 మే 18వ తేదీ రాత్రి, తండయారుపేటలోని తమ తోటనుండి ఆయన బయలుదేరిరి. కోర్టువారు సెలవిచ్చిరి. వెంట తల్లి మొదలగు కుటుంబ స్త్రీలు, బంధువులు, పల్లకీలు మోయు బోయీలు, వంటవారు, కావలివారు. గుడారములు కూడ కట్టించిరి. ఇందరకు దారి పొడవున బియ్యము, కట్టెలు, మంచినీరు, పడుకొనుటకు చోటు ఏర్పరుపవలెను. ఒక మజిలీలో బోయీలు నిలిచిపోయినచో నూరుమందియు అడవినడుమ నిలువవలసినదే. ఆయన కోర్టులో ఎంత పెద్దవాడైనను నదియొడ్డున పడవవాని ఎదుట ఒక బాటసారియే.

రాజ్యములు మారుట మరియొక చిక్కు. తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము సేవించి కృష్ణను దాటగానే నైజామువారి సీమ. నిర్మల మార్గమున పైకి పోగా నాగపురమున భోసలేల ఏలుబడి. జబ్బలుపురము మీదుగా ఇంకను పోగా రీవా రాజుల నేల. అటుపై మరల కుంపిణీవారి సీమ. ఎక్కడి సుంకపుచావడి అక్కడిది, ఎక్కడి నాణెము అక్కడిది. హైదరాబాదులో చెల్లిన రూపాయి నాగపురములో వట్టము లేక చెల్లదు. కావున రహదారి చీటీలు, సిఫారసు ఉత్తరములు, సాహుకార్లపై హుండీలు, ఇవియే ఆనాటి టిక్కెట్లు. ఒక్కొక్క యెల్లకు ఒక్కొక్కటి కావలెను. అన్నియు ఉన్నను చావడిలోని జవాను మనసు కరుగవలెను. అక్కడ అతని భాషలో అతనితో మాటాడ నేర్చినవాడు గట్టెక్కును.

ఆయన ఇల్లు విడిచి నాలుగు నెలలు కావచ్చుచుండగా, 1830 సెప్టెంబరు 15న, ఇంగ్లండులో లివర్‌పూలు, మాంచెస్టరు నగరముల నడుమ రైలు నడువసాగినది. ఆ వార్త ఆ బాటలలో ఆయన చెవిని పడినదో లేదో కాని, బోయీల భుజములపై సాగు ప్రయాణములకు అవసానకాలము ఆ దినముననే ఆరంభమైనది.

ప్రయాగ, కాశి, గయలు సేవించి, గంగపై కొంత దూరము పడవలలో సాగి, కలకత్తా చూచి, పురుషోత్తమక్షేత్రమునకు వచ్చిరి. ప్రయాగ, గయ, పురులలో కుంపిణీవారు యాత్రికులనుండి పన్ను గొనుచుండిరి. దేవుని చూచుటకు దొరలకు పన్నేమని నేటివారికి తోచును. 1840లో గాని అది రద్దు కాలేదు.

పురినుండి గంజాము, ఇచ్ఛాపురము మీదుగా దక్షిణమునకు దిగిరి. కళింగపట్నమువద్ద సముద్రమున కలియు వంశధారను దాటినగాని శ్రీకాకుళము చేరుటకు వీలు లేదు. శ్రీకాకుళము అప్పుడు గంజాము జిల్లాలోనిది. శ్రీకూర్మము, సింహాచలము ఆ త్రోవలోనివే. ఏడాది పొడవున పరభాషల నడుమ తిరిగిన ఆ పరివారమునకు ఇచటి తెనుగు చెవిని పడినపుడు సగము ఇల్లు చేరినట్లే తోచి యుండవలెను. అదృష్టవశమున ఆయన సకాలమున దాటిపోయిరి. మరుసటి సంవత్సరము ముగియునప్పటికి పర్లాకిమిడి, పాలకొండ సీమలలో జమీందారుల తిరుగుబాటు ముదిరి, దానిని అణచుటకు ప్రభుత్వము జార్జి రస్సెలును పంపవలసి వచ్చెను.

1831 సెప్టెంబరు 3న ఆయన చెన్నపట్టణము చేరిరి. మొత్తము పదునైదు నెలల పదునైదు దినములు.

దారిలో చూచినదంతయు తమ మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి తెలియజేయుచు వచ్చిరి. ఏ ఊరిలో అంగళ్లున్నవి, ఎక్కడ బావినీరు మంచిది, ఏ వాగు ఎట్లు దాటవలెను, బోయీలతో ఎట్లు మెలగవలెను అను సంగతులే వానిలో మెండు. దేవాలయములకంటె మజిలీలే ఎక్కువ చోటు ఆక్రమించినవని భక్తులు నొచ్చుకొనవచ్చును. తన వెనుక రానున్న బాటసారికి ఏమి కావలెనో ఆయనకు బాగుగ తెలియును. భాషయు ఆ బాటవంటిదే: తెనుగు వాక్యములో హిందూస్తానీ, ఇంగ్లీషు మాటలు వచ్చి కూర్చుండును. వ్యాకరణవేత్తలకిది రుచింపకపోవచ్చును. కాని 1863లో శ్రీకాకుళపు సీమలో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుకభాషకై పోరాడుటకు ఎన్నియో యేండ్ల ముందే, ఒక కోర్టు ఉద్యోగి అట్టి భాషతో పెద్ద గ్రంథము నడపెను. అది చిన్న సాహసము కాదు.

వీరాస్వామయ్యగారు 1836 అక్టోబరు 3న కాలధర్మము చెందిరి. తమ గ్రంథమును అచ్చులో చూచుకొను భాగ్యము వారికి లేకపోయెను. రెండేండ్ల తరువాత, 1838లో, శ్రీనివాసపిళ్ళగారే ‘కాశీయాత్రచరిత్ర’ను అచ్చు వేయించిరి. 1941లో దిగవల్లి వేంకట శివరావుగారు దానిని వెలికిదీసి మరల ప్రకటించిరి.

మన దేశమున తొలి ప్రయాణికుల రైలు 1853లో బొంబాయినుండి ఠాణాకు నడచినది. ఈ తీరమునకు అది వచ్చుటకు ఇంకను నలుబదియేండ్లు పట్టినది. ఇచ్ఛాపురమునుండి ఆమదాలవలసవరకు ఆ యినుపబాట ఇంచుమించు వీరాస్వామయ్యగారు వచ్చిన దిక్కునే సాగి, కళింగపట్నమును తూర్పుగా విడిచి, వంశధారను వంతెనపై దాటినది.