రఘుపతి వెంకయ్య

ఐరోపా యంత్రశక్తి వలసదేశాలకు అధికార రూపంలోనే కాక వినోద రూపంలోనూ చేరింది. దానిని సాహసంతో అందిపుచ్చుకున్న తెలుగువారు రఘుపతి వెంకయ్య. 1869లో మచిలీపట్నంలో జన్మించి, మద్రాసులో ఛాయాచిత్రకారునిగా స్థిరపడ్డారు. 1910 ప్రాంతంలో తన స్టూడియోను తాకట్టుపెట్టి, ఫ్రాన్సులో తయారైన క్రోనోమెగాఫోన్‌ను కొన్నారు. తెరపై బొమ్మ కదులుతుండగా గ్రామఫోను రికార్డు పాడేది. ఆ ధ్వనిని సభ అంతటికీ వినిపించేది ఒత్తిడితో వెలువడే గాలి! బొమ్మకూ పాటకూ పొంతన తప్పితే ప్రదర్శన నవ్వులపాలే. ఆ యంత్రంతోనే నాటి బ్రిటిషు ఏలుబడిలోని బర్మా, సింహళాలలో సంచరించారు. అనంతరం మద్రాసులో గెయిటీ థియేటరు నిర్మించారు. కుమారుడు ప్రకాశ్‌ను చలనచిత్ర కళాభ్యాసానికై విదేశాలకు పంపారు. తండ్రీకొడుకుల కృషి 1921లో మూకీచిత్రం 'భీష్మ ప్రతిజ్ఞ'గా ఫలించింది. 1932లో 'భక్త ప్రహ్లాద'తో వెండితెర తెలుగు మాట్లాడింది. పాడే బొమ్మను ఊరూరా తిప్పిన వెంకయ్యకు ఆ చిత్రనిర్మాణంలో పాత్ర లేదు. 1941లో ఆయన కన్నుమూశారు.