మట్టి మర్మం తెలిపిన మహనీయుడు కార్ల్ టెర్జాగీ

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో మట్టి పని తెలియని ఇల్లు తక్కువ. కరువు వస్తే మన వాళ్లు గడ్డపార, పార పట్టుకొని బెంగళూరు దాకా వలస వెళ్తారు. వాళ్లు తవ్వే గోతుల గట్లు ఎందుకు కూలతాయి? ఎల్లెల్సీ లాంటి కాలువల గట్లు ఎందుకు జారతాయి? ఇలాంటి ప్రశ్నలకు జీవితమంతా జవాబు వెతికిన వ్యక్తి కార్ల్ టెర్జాగీ. సాయిల్ మెకానిక్స్‌కు పితామహుడని పేరు పొందిన ఆయన జీవితాన్ని మన హాస్టల్ తమ్ముళ్లకు పరిచయం చేయాలని మేము అనుకున్నాం.

ఆయన 1883 అక్టోబరు 2న ప్రేగ్ నగరంలో జన్మించారు. సైనికాధికారి అయిన తండ్రి చిన్నతనంలోనే చనిపోయారు. పదేళ్ల వయసులో ఇల్లు విడిచి సైనిక పాఠశాల వసతిగృహంలో చేరారు. అంటే ఆయన కూడా మనలాగే హాస్టల్ బిడ్డే. గ్రాజ్‌లో మెకానికల్ ఇంజనీరింగ్ చదివినా మనసంతా భూగర్భశాస్త్రం మీదే ఉండేది.

ఇనుము ఎంత బరువు మోస్తుందో ఇంజనీర్లకు లెక్క తెలుసు. మట్టి విషయంలో మాత్రం ఎక్కువగా అనుభవం మీదే ఆధారపడేవారు. ఆ లెక్క కోసం టెర్జాగీ 1912లో అమెరికా వెళ్లి ఆనకట్టల పనులు చూస్తూ తిరిగారు. కోరింది దొరక్క నిరాశతో తిరిగొచ్చారు. అయినా పట్టు విడవలేదు. 1916లో ఇస్తాంబుల్‌లో అధ్యాపకుడిగా చేరి, అక్కడ చేతికి దొరికిన సామగ్రితోనే పరికరాలు తయారు చేసుకొని ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశారు. ఫలితంగా 1925లో ఆయన గ్రంథం జర్మన్ భాషలో వెలువడింది.

ఆయన కనిపెట్టిన సంగతి మాకు ఆదోని మార్కెట్‌లోని పత్తి మూటలతో అర్థమైంది. పేర్చిన మూటల్లో అడుగుదాన్ని లాగితే రాదు. పైవాటిని కొంచెం ఎత్తి పడితే సులువుగా వస్తుంది. మట్టి రేణువుల మధ్య చేరిన నీరు కూడా ఇదే పని చేస్తుంది. పై బరువులో కొంత నీటి పీడనం మోస్తుంది. ఆ మేరకు రేణువుల మధ్య రాపిడి తగ్గి గట్టు జారుతుంది. నిండుగా పారే కాలువలో నీరు ఒక్కసారిగా తగ్గినా ప్రమాదమే. బయటి నీటి ఆసరా పోతుంది, గట్టు లోపలి నీరు మాత్రం అలాగే ఉంటుంది. మన నల్లరేగడికి ఇంకో గుణం ఉంది. ఎండకు బీటలు వారుతుంది, వానకు ఆ బీటల్లోకి నీరు దిగుతుంది.

1936లో జరిగిన తొలి అంతర్జాతీయ సాయిల్ మెకానిక్స్ మహాసభకు ఆయనే అధ్యక్షులు. 1938లో జర్మనీ ఆస్ట్రియాను ఆక్రమించాక అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో బోధించారు. 1963 అక్టోబరు 25న కన్నుమూశారు. 1965లో కెనడాలోని ఒక ఆనకట్టకు ఆయన పేరు పెట్టారు.

తమ్ముళ్లూ! గట్టు నిటారుగా, ఎత్తుగా ఉన్నా, అంచున తవ్విన మట్టి పోసినా, అడుగు తొలిచినా, పక్కన బరువు లారీలు తిరిగినా కూలే ప్రమాదం పెరుగుతుంది. గోతి అంచున కొత్త బీట కనిపించినా, గోడ నుంచి నీరు ఊరినా లోపలికి దిగరాదు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఈ మాటలు మన అమ్మానాన్నలకు చెబుదాం. టెర్జాగీ చదువు ముందుగా అందవలసింది గోతిలో దిగే వాళ్లకే.