నీరు, అడవి, నేల కోసం నిలబడిన కుమురం భీం

ప్రతి ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడు జోడేఘాట్ గుట్టల్లో ఆదివాసీలు కుమురం భీంను తలచుకుంటారు. ఇటు నల్లమల అంచున ఉన్న మన బండి ఆత్మకూరు వైపు కూడా మన యువత ఫోన్లలో ఆయన బొమ్మ కనిపిస్తోంది. సంతోషమే. అయితే తుపాకీ పట్టిన ఆ బొమ్మ వెనుక ఉన్న మనిషి దేనికోసం నిలబడ్డారో కూడా మనం తెలుసుకోవాలి.

భీం 1901లో ఆసిఫాబాద్ ప్రాంతంలోని సంకేపల్లిలో గోండు కుటుంబంలో పుట్టారని చెబుతారు. ఆ అడవులు అప్పుడు నిజాం పాలనలో ఉండేవి. గోండులు తేలిక నేలల్లో కొన్నేళ్లు పంట తీసి, తర్వాత ఆ నేలను బీడుగా వదిలేసేవారు. అది మళ్లీ చెట్టూ చేమతో నిండి సారం తెచ్చుకునేది. సర్కారు అడవికి హద్దులు గీసినప్పుడు ఆ బీళ్లు రిజర్వు అడవిలో కలిసిపోయాయి. పశువుల మేతకూ పన్ను కట్టాల్సి వచ్చింది. తరతరాలుగా వచ్చిన సాగు పద్ధతి ఒక్కసారిగా నేరమైపోయింది.

తండ్రి పోయాక కుటుంబం సుర్దాపూర్ చేరింది. అక్కడ వాళ్లు చెమటోడ్చి పండించిన పంట తనదేనంటూ సిద్దిఖ్ అనే ఆయన వచ్చారు. ఆ గొడవలో ఆయన చనిపోవడంతో భీం ఊరు విడిచారు. బల్హార్షా, చందా మీదుగా అస్సాం తేయాకు తోటల దాకా వెళ్లారు. చదవడం, రాయడం, పరాయి భాషలు మాట్లాడడం ఆ తిరుగుడులోనే నేర్చుకున్నారని చెబుతారు.

హాస్టల్ పిల్లలకు మేము ఎక్కువగా చెప్పేది ఈ ఘట్టమే. అక్షరం వచ్చింది, బయటి లోకం తెలిసింది. అయినా ఆయన అక్కడే ఉండిపోలేదు, తిరిగొచ్చారు. గోండు, కోలాం కుటుంబాలను కూడగట్టి బాబేఝరి, జోడేఘాట్ చుట్టుపక్కల 12 గూడేల్లో సాగు చేయించారు. పట్టాలు ఇస్తామని అధికారులు ఆశ చూపినా ఒప్పుకోలేదని, ఆ గూడేలను ఏలుకునే హక్కే కావాలని పట్టుబట్టారని చెబుతారు. నీరు, అడవి, నేల అనే మూడు మాటలు ఆయన పేరుతో కలిసి నిలిచాయి. ఆ మూడింటిలో నీరే ముందుంది.

1940లో నిజాం పోలీసులు జోడేఘాట్ మీదికి వచ్చారు. భీం తన అనుచరులతో పాటు తూటాలకు నేలకొరిగారు.

ఆ తర్వాతే సర్కారు కళ్లు తెరిచింది. గోండుల కష్టాలను తెలుసుకోమని హైమెండార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తను పంపింది. అంతకుముందు ఆయన నల్లమల చెంచుల మధ్య ఉండి వచ్చినవారే. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం వెలిసింది. భూమి పట్టాలూ మొదలయ్యాయి.

భీం అడిగినదానిలో కొంత మనకు 2006 అటవీ హక్కుల చట్టంతో దక్కింది. వాగులు, ఊటలు, నీరు పట్టే వాలులను కాపాడే అధికారాన్ని ఆ చట్టంలోని 5వ సెక్షన్ గ్రామసభకు ఇచ్చింది. హక్కు కోరినప్పుడు పెద్దలు చెప్పిన మాటను కాగితం మీద పెడితే అదీ సాక్ష్యమే. పాత బావులు, శ్మశానాలు, దేవతల చోట్లు కూడా సాక్ష్యాలే.

ఏ చెలమ ఎండల్లోనూ ఊరుతుందో, ఏ వాలున చెట్టు కొడితే కింద ఊట ఎండిపోతుందో చెంచు పెద్దలకు తెలుసు. నల్లమల పడమటి వాగుల నీరు కిందికి వచ్చి కుందూలో కలుస్తుంది. పైన ఊటలు బతికితేనే కింద ఏరు బతుకుతుంది. కానీ ఆ ఎరుక కాగితం మీద లేదు. పెద్దలతోనే పోతోంది. వాళ్లకు అడవి తెలుసు, మీకు అక్షరం తెలుసు. ఈ రెండూ కలవాలి.

ఈసారి సెలవులకు గూడెం వెళ్లినప్పుడు ఒక నోటుపుస్తకం వెంట తీసుకెళ్లండి. తాతనో అవ్వనో తోడు పిలుచుకుని నాలుగు చెలమలు చూసి రండి. వాటి పేర్లు, ఉన్న చోటు, నీరుండే నెలలు రాసుకోండి. రాసింది గ్రామసభలో చదవండి. భీంకు అంతకంటే మంచి నివాళి మాకు తోచడం లేదు.