పాలగుమ్మి పద్మరాజు: ప్రపంచ పోటీలో నెగ్గిన ‘గాలివాన’.. వెనుక 14 ఏళ్ల సాధన

కథల పోటీ ప్రకటన కనిపిస్తే చాలు, కొత్తగా రాసేవాళ్లలో ఓ ఉత్సాహం, ఓ బెరుకు. పంపాలా వద్దా? మన ఊరి కథ వాళ్లకు అర్థమవుతుందా? ఈ సందేహాలకు తెలుగు సాహిత్యంలో ఓ పాత జవాబు ఉంది. అదే పాలగుమ్మి పద్మరాజు రాసిన ‘గాలివాన’. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక ప్రపంచ కథల పోటీలో ఈ కథకు రెండో బహుమతి వచ్చింది. 23 దేశాల నుంచి 59 కథలు పోటీపడ్డాయి. వాటిలో ఓ తెలుగు కథ రెండో స్థానంలో నిలిచింది. అప్పటికి తెలుగువాళ్లకు ప్రత్యేక రాష్ట్రం కూడా లేదు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది ఆ మరుసటి ఏడాదే.

పాఠాలు చెబుతూనే కథలు

పద్మరాజు 1915 జూన్ 24న పశ్చిమ గోదావరి జిల్లా అత్తిలి దగ్గర్లోని తిరుపతిపురంలో పుట్టారు. చదివింది సైన్సు. కాకినాడలోని పిఠాపురం రాజా కాలేజీలో సైన్సు లెక్చరర్‌గా పనిచేశారు. పగలు క్లాసులు, ల్యాబు. మిగిలిన టైమ్‌లో కథలు, పద్యాలు, నాటికలు.

తొలి కథ ‘సుబ్బి’ రాసేనాటికి ఆయన వయసు 23 ఏళ్లు. న్యూయార్క్ బహుమతి వచ్చేసరికి 37. అంటే మధ్యలో దాదాపు 14 ఏళ్లు. ఈ లెక్కను చాలామంది పట్టించుకోరు. ఒక్క కథతో రాత్రికి రాత్రే పేరొచ్చిందని అనుకుంటారు. కానీ ఆ ఒక్క కథ వెనుక ఎన్నో ఏళ్లుగా ఆగకుండా కదిలిన కలం ఉంది.

అసలు ‘గాలివాన’లో ఏముంది?

ఈ కథలో విదేశీ పాఠకుల కోసం ప్రత్యేకంగా కల్పించిందేమీ లేదు. రావుగారనే పెద్దమనిషి ఉపన్యాసం ఇవ్వడానికి రైల్లో బయల్దేరతారు. ఆయనది పద్ధతి ప్రకారం సాగే జీవితం. ప్రతిదానికీ ఓ సూత్రం ఉంటుంది. ఇంట్లో అందరూ ఆయన గీసిన గీతలోనే నడవాలి. అదే రైల్లో ఓ బిచ్చగత్తె తారసపడుతుంది. గలగలా మాట్లాడుతుంది, అందరినీ నవ్విస్తుంది. రావుగారికి మాత్రం ఆమె వాలకం నచ్చదు.

ఇంతలో తుపాను విరుచుకుపడుతుంది. ఓ చిన్న స్టేషన్‌లో, చీకట్లో, ఆ ఇద్దరే మిగులుతారు. గాలి హోరులో రావుగారి సూత్రాలు ఒక్కటీ పనికిరావు. భయంతో వణికిపోతున్న ఆయనకు తోడుగా నిలిచేది ఆ బిచ్చగత్తే. తెల్లవారేసరికి ఆమె ప్రాణాలతో ఉండదు. ఆమె చేతిలో తన పర్సు కనిపిస్తుంది. అయినా ఆయనకు కోపం రాదు, ఏడుపొస్తుంది.

అంతే కథ. కోస్తా జిల్లాల వాళ్లకు తుపాను కొత్తేం కాదు. రైల్వే స్టేషన్లో బిచ్చమెత్తుకునేవాళ్లూ కొత్త కాదు. తనకు తెలిసిన గాలి, తనకు తెలిసిన మనుషుల గురించే పద్మరాజు రాశారు. ‘సైక్లోన్’ పేరుతో ఇంగ్లీషులోకి వెళ్లినా ఆ కథ బలం తగ్గలేదు. మంచి చెడులను ముందే గీత గీసి చూడకూడదన్న ఆలోచన ఆయనలో బలంగా ఉండేది. ఎం.ఎన్.రాయ్ మానవవాద భావాలవైపు ఆయన మొగ్గిన సంగతి తెలిసిందే. ఆ చూపు ఈ కథలోనూ కనిపిస్తుంది.

కాలేజీ నుంచి మద్రాసుకు

బహుమతి తర్వాత ఆయన దారి మద్రాసు వైపు మళ్లింది. ప్రముఖ దర్శకుడు బి.ఎన్.రెడ్డితో కలిసి పనిచేశారు. ‘బంగారు పాప’ సినిమాకు రచన చేసింది ఆయనే. ఇంగ్లీషు రచయిత్రి జార్జ్ ఇలియట్ నవల ‘సైలస్ మార్నర్’ దీనికి ఆధారం. అక్కడి నేతగాడు ఇక్కడ కమ్మరి కోటయ్య అయ్యాడు. ఎస్వీ రంగారావు ఆ పాత్రకు ప్రాణం పోశారు. పరాయి కథ అయినా తెలుగు ఊరి కథలాగే ఉంటుంది. ఆ తర్వాత ‘రంగులరాట్నం’, ‘బంగారు పంజరం’ సినిమాల రచనలోనూ పద్మరాజు పాలుపంచుకున్నారు. 1961లో ‘బికారి రాముడు’ చిత్రానికి దర్శకత్వం కూడా వహించారు.

బహుమతి తెచ్చిన చిక్కు

బహుమతి పేరు తెచ్చింది, నిజమే. కానీ ఓ చిక్కూ తెచ్చింది. ఆయన దాదాపు 60 కథలు రాశారు. ‘బతికిన కాలేజీ’, ‘నల్లరేగడి’, ‘రామరాజ్యానికి రహదారి’ లాంటి నవలలు రాశారు. అయినా పద్మరాజు అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఒక్క ‘గాలివాన’ మాత్రమే. ‘పడవ ప్రయాణం’ కథనే తీసుకోండి. రాత్రివేళ కాలవలో సాగే పడవ. దొంగ పద్దాలు, వాడి కోసం అన్నీ భరించే రంగి. ఆ రంగిని తప్పుపట్టాలో, జాలిపడాలో పాఠకుడికి తేలదు. ‘గాలివాన’ కన్నా ఇదే గొప్ప కథ అనేవాళ్లూ ఉన్నారు. దీనికి మాత్రం న్యూయార్క్ ముద్ర లేదు.

ఇంకో విషయం. ప్రపంచ పోటీ గుర్తించిన ఈ రచయితకు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు బతికుండగా దక్కలేదు. 1983 ఫిబ్రవరి 17న ఆయన కన్నుమూశారు. రెండేళ్ల తర్వాత, 1985కి గాను ‘గాలివాన’ కథల సంపుటికి అకాడమీ అవార్డు ప్రకటించారు. అందుకోవడానికి ఆయన లేరు.

పోటీ పెట్టిన న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ 1966లోనే మూతపడింది. ‘గాలివాన’ను మాత్రం తెలుగువాళ్లు ఇప్పటికీ చదువుతూనే ఉన్నారు. ఈసారి పోటీకి కథ పంపేవాళ్లు దాన్ని ఓసారి చదవండి. ఆ వెంటనే ‘పడవ ప్రయాణం’ కూడా చదవండి. బహుమతి వచ్చిన కథకు, రాని కథకు తేడా ఎంతో మీకే తెలుస్తుంది.