గడియారం విప్పిన పిల్లవాడు

రిమోట్‌తో నడిచే యుద్ధ ట్యాంకుల నమూనాలు కట్టడం చాలా దేశాల్లో పెద్దవాళ్లకూ ఇష్టమైన వ్యాపకం. అసలు ట్యాంకులో పదహారో వంతు కొలతతో బొమ్మ కడతారు. ప్లాస్టిక్ పళ్ల చక్రాలు తీసి లోహపువి బిగిస్తారు. తుప్పు మరకలు కూడా రంగుతో దిద్దుతారు. ఇలా తీగ లేకుండా దూరం నుంచి యంత్రాన్ని నడపవచ్చని తొలినాళ్లలోనే జనం ముందు చేసి చూపి, పేటెంట్ పొందినవాడు నికోలా టెస్లా. ఆయన విద్యుత్ మోటారు గురించి మన పిల్లలు చదువుకుంటారు. ఆయన బొమ్మ పడవ గురించి, ఆయన పెరిగిన ఇంటి గురించి మనం చెప్పడం తక్కువ.

టెస్లా 1856 జూలై 10న స్మిల్యాన్ అనే పల్లెలో పుట్టాడు. ఆ ఊరు అప్పట్లో ఆస్ట్రియా సామ్రాజ్యంలోది, ఇప్పుడు క్రొయేషియాలో ఉంది. ఇంటి భాష సెర్బియన్. తండ్రి మిలుటిన్ చర్చిలో మతగురువు. తల్లి జూకా బడికి వెళ్లలేదు. ఆమె తల్లికి చూపు పోవడంతో చిన్నతనంలోనే తోబుట్టువుల బాధ్యత నెత్తిన పడింది. అయినా సెర్బియన్ వీరగాథలు ఎన్నో ఆమెకు కంఠస్థం. నూలు వడికేది, బట్ట నేసేది, ఇంటికి కావలసిన పనిముట్లు తానే ఆలోచించి చేసుకునేది. కొత్తవి కనిపెట్టే గుణం తనకు అమ్మ నుంచే వచ్చిందని టెస్లా పెద్దయ్యాక రాసుకున్నాడు.

చిన్నప్పుడు తాతగారి గడియారాలు విప్పేవాడు. విప్పడం వచ్చింది గానీ తిరిగి బిగించడం రాలేదు. సన్నని పుల్లలకు పెంకు పురుగులను అంటించి, అవి రెక్కలాడిస్తే పుల్లలు గిర్రున తిరిగేలా చేశాడు. ఇంకో పిల్లవాడు వచ్చి ఆ పురుగులను బతికుండగానే నమిలేయడంతో ఆ ఆట ముగిసింది.

1870లో పై చదువుకు కార్లోవాట్స్ పట్టణం వెళ్లాడు. అక్కడ పాఠాలు జర్మన్‌లో. ఇంట్లో ఒక భాష, బడిలో మరొకటి. బళ్లారి, హోసూరు, బరంపురం పిల్లలకు ఇది కొత్త సంగతి కాదు. నాలుగేళ్ల చదువును మూడేళ్లలో ముగించాడు. సొంతంగా చేసిన పరికరాలతో పాఠం చెప్పే భౌతికశాస్త్రం మాస్టారు అతన్ని విద్యుత్తు వైపు తిప్పారు.

తండ్రికేమో కొడుకు తనలాగే మతగురువు కావాలని కోరిక. 1873లో ఇంటికి వచ్చిన టెస్లాకు కలరా సోకింది. నెలల తరబడి మంచం పట్టాడు. బతకడేమో అనుకున్న దశలో, ఇంజనీరింగ్ చదవనిస్తే కోలుకుంటానేమో అని తండ్రితో అన్నాడు. తండ్రి మాట ఇచ్చాడు, కొడుకు లేచాక మాట నిలుపుకున్నాడు. 1875లో టెస్లా గ్రాట్స్ సాంకేతిక కళాశాలలో చేరాడు. జూదం వ్యసనమైంది, పట్టా చేతికి రాలేదు. ఆ వ్యసనం నుంచి బయటపడి, పని నేర్చుకుని, 1884లో అమెరికా చేరాడు. 1888లో ఏసీ మోటారు పేటెంట్లతో పేరు వచ్చింది. 1892లో పారిస్‌లో ఉండగా తల్లికి జబ్బు ముదిరిందని కబురు అందింది. పరుగున వెళ్లాడు. ఆఖరి చూపు దక్కింది.

1898లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఒక నీటి తొట్టిలో సుమారు నాలుగడుగుల ఇనుప పడవను నడిపి చూపాడు. లోపల బ్యాటరీలు, ముందుకు తోయడానికి ఒక మోటారు, చుక్కాని తిప్పడానికి ఇంకొకటి ఉన్నాయి. గొట్టంలో పోసిన లోహపు పొడిని రేడియో తరంగం తాకగానే అందులో కరెంటు పారేది. సంకేతం అందిన ప్రతిసారీ గొట్టం తిరగబడి పొడి మళ్లీ విడిపోయేది. అప్పటికి రేడియో ప్రసారాలే లేవు. లోపల ఏదో జంతువును కూర్చోబెట్టాడని కూడా కొందరు అనుకున్నారట. ఆ ఏడాది నవంబరు 8న పేటెంట్ వచ్చింది. అది పడవలకే కాదు, నేల మీది వాహనాలకూ వర్తించేది. ప్రభుత్వానికి ఇవ్వబోతే వాషింగ్టన్‌లో ఒక అధికారి పకపకా నవ్వాడు. నలభై ఏళ్ల తర్వాత, 1939-40 చలికాలపు యుద్ధంలో సోవియట్ సైన్యం మనిషి లేని ట్యాంకులను రేడియోతో నడిపింది.

టెస్లా 1943 జనవరి 7న న్యూయార్క్‌లో ఒక హోటల్ గదిలో ఒంటరిగా, చేతిలో డబ్బు లేకుండా కన్నుమూశాడు. పేరు ప్రతిష్ఠలు ఉన్న రోజుల్లోనూ ఇంటి భాషను వదల్లేదు. సెర్బియన్ కవి జ్మాయ్ కవితలను ఇంగ్లీషులోకి తెచ్చే పనిలో ఒక అమెరికన్ కవితో కలిసి కూర్చున్నాడు. అవి 1894లో అక్కడి పత్రికలో వచ్చాయి.

మన ఇళ్లలో పాడైన రిమోట్ బొమ్మలు మూలన పడి ఉంటాయి. ఒకదాన్ని తరగతికి తెప్పించండి. బ్యాటరీ తీసేసి, పిల్లల చేతే విప్పించండి. ఇరుసు, పళ్ల చక్రం, మర, చుక్కాని అని ఒక్కో భాగాన్నీ తెలుగులో చెప్పించండి. ఇంట్లో విప్పితే తల్లిదండ్రులు కోప్పడకండి. తిరిగి బిగించడం మొదటిసారే రాకపోవచ్చు.